ముందే చెప్పిన కృతజ్ఞత

మా పెద్దమ్మ పద్ధతి వేరు. లోకంలో ఎవరైనా కోరిక తీరాక దేవుడికి కృతజ్ఞత చెప్తారు. ఆవిడ తీరకముందే చెప్పేస్తుంది. “ఇచ్చాక థాంక్స్ ఎవడైనా చెప్తాడ్రా. ఇవ్వకముందు చెప్తేనే నమ్మినట్టు” అంటుంది. జగ్గయ్యపేటలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. బడి వదిలినా గొంతు మాత్రం ఇంకా క్లాసులోనే ఉంది. మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఆఖరి మాట ఆవిడదే.

అందుకే ఇంగ్లండు వీసాలు చేతికి రాకముందే నందిగామలో మా ఇంటి ముందు కృతజ్ఞత కూటం జరిగిపోయింది. మా సంఘంలో కూటమంటే షామియానా వేసి, పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టడం. ఉద్యోగం వస్తే పెడతారు, ఆపరేషన్ బాగా జరిగితే పెడతారు, ఇల్లు కడితే పెడతారు. వీసా రాబోతోందని పెట్టింది మాత్రం నాకు తెలిసి మేమే.

నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారిని. నా భార్య నర్సు. పెళ్ళికి ముందు నుంచీ ఆమెకి ఒకటే కోరిక, బయటి దేశంలో నర్సుగా పనిచెయ్యాలని. రోజూ పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి, అక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ చేసి, చీకటిపడే వేళకి ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లని చదివించి, ఆ తర్వాత ఇంగ్లీషు పరీక్షకి కూర్చునేది. మాట్లాడటంలో గట్టెక్కింది గానీ రాయడం దగ్గర కొంచెంలో తప్పింది. నర్సు దారి అక్కడ ఆగింది. అప్పుడే విజయవాడలో ఒక ఏజెన్సీవాళ్ళు ఇంకో దారి చూపించారు. ఇంగ్లండులో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం, కేర్ వర్కర్ వీసా. అక్కడ పనిచేసుకుంటూనే పరీక్షలు రాసి నర్సు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వీసా మీద భర్తనీ పిల్లనీ వెంట తీసుకెళ్ళొచ్చు. ఆ చివరి మాట వినే నేను సరేనన్నాను.

ఇక ఊళ్ళో నా పరిస్థితి చూడాలి. డిపెండెంట్‌గా వెళ్తున్న మొగుణ్ణి కదా! స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు, “అయితే అక్కడికెళ్ళి ఇంగ్లీషోళ్ళకి ఛందస్సు చెప్తారా మాస్టారూ?” అనేవాడు. మా అమ్మాయికి అప్పుడు ఐదో తరగతి. డిపెండెంట్ అంటే ఏంటి నాన్నా అని అడిగింది. ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళు అన్నాను. “నేనంటే చిన్నపిల్లని. నువ్వెందుకు?” అంది. ఉడుక్కున్నాను గానీ లోపల సంతోషంగానే ఉండేది. ముగ్గురం కలిసి ఉంటే ఎవరి మీద ఎవరు ఆధారపడితే ఏంటి?

కూటం రోజున శివరాత్రి దాటకుండానే ఎండ మాడ్చేస్తోంది. పెద్దమ్మ జగ్గయ్యపేట నుంచి ఒక సంచీతో దిగింది. అందులో మూడు స్వెట్టర్లు, మూడూ మెరూన్ రంగే. ఎన్నాళ్ళ నుంచి అల్లుతోందో, మాకు తెలియనివ్వలేదు. “తొడుక్కోండి, ఫొటో తీయిద్దాం” అంది. ఆ ఎండలో, ఆ షామియానా కింద, ఉన్ని స్వెట్టర్లు! తొడుక్కోక చస్తామా? ముగ్గురం వరసగా నిలబడ్డాం. చెమట మెడ మీంచి నడుముదాకా కారుతోంది. సంఘమంతా చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు నవ్వాపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత నా భార్య సాక్ష్యం చెప్పడానికి మైకు తీసుకుంది. జనంలో మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. “దేవుడు మా ముగ్గురికీ ఒకేసారి తలుపు తీశాడండి. ముగ్గురం కలిసే వెళ్తన్నాం” అంది. అంతే, ఏడుపొచ్చి కూర్చుంది. ఆడవాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. పులిహోర బాగా కుదిరింది, చికెన్‌లో కారం ఎక్కువైంది, మూడు స్వెట్టర్లూ సాయంత్రం దాకా తీగ మీద ఆరాయి.

కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకుండా రూలు మారుస్తున్నారని అప్పటికే వార్తల్లో వస్తోంది. నేను ఏజెన్సీ అతన్ని అడగకపోలేదు. “ఫైలు ముందే పెట్టేశాం మాస్టారూ. ఆ రూలు మనకి తగలదు” అన్నాడు. ఆ మాట పట్టుకుని స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. పిల్లల ముందు నాకు శాలువా కప్పి, దండ వేసి, నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పి సాగనంపారు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. “చిన్న అప్‌డేట్ అండీ” అన్నాడు ఏజెన్సీ అతను. ఆ ‘చిన్న’ అన్న మాటకి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈమెని పనిలోకి తీసుకుంటున్నట్టు వృద్ధాశ్రమంవాళ్ళు పంపాల్సిన సర్టిఫికెట్ ఆలస్యమైందట. పెట్టేశాం అన్న ఫైలు అప్పటికి పెట్టలేదట. గడువు దాటాక పెట్టారట. గడువులోపల పెట్టినవాళ్ళకి పాత రూలు, తర్వాత పెట్టినవాళ్ళకి కొత్త రూలు. కొత్త రూలు ప్రకారం కేర్ వర్కరు రావచ్చు, భర్తా పిల్లలూ రాకూడదు. “మేడమ్ గారి వీసాకి మాత్రం ఏ ఇబ్బందీ లేదండి” అని కూడా చెప్పాడు, అదేదో నాకు తీపి కబురైనట్టు.

పోనీ, వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. ఇంట్లోకి ఎవరిని రానివ్వాలో ఇంటివాళ్ళే చెప్పాలి, కాదనను. కానీ మీ అమ్మకి స్నానం చేయించడానికి మనిషి కావాలి, ఆ మనిషికి మాత్రం మొగుడూ పిల్లా వెంట ఉండకూడదంటే ఇదేం న్యాయమండీ? ఆ రోజు ఈ మాట గోడలతో అన్నాను, వీధి కుక్కతో కూడా అన్నాను. నా భార్య డ్యూటీ నుంచి వచ్చాక ఆమెతో అన్నాను. ఆమె అంతా విని, ముఖం కడుక్కుని, టీ పెట్టింది. టీ తాగడం అయ్యాక, “నా ఒక్కదానికే వస్తదా?” అని అడిగింది. “వస్తుందట” అన్నాను.

మా తిప్పలు అక్కడే మొదలయ్యాయి. ఊరంతా వచ్చి భోంచేసి వెళ్ళారు కదా, ఇప్పుడు వీధిలోకి వెళ్తే, “ఇంకా వెళ్ళలేదా?” అని పలకరింపు. కూరగాయల బజారులో, మందుల షాపులో, గుడి (మేము చర్చిని కూడా గుడి అనే అంటాం) మెట్ల మీద అదే మాట. ముఖం చెల్లక కూరగాయలకి బండి వేసుకుని కంచికచర్ల వెళ్ళడం మొదలుపెట్టాను. వంకాయల కోసం హైవే ఎక్కినవాణ్ణి ఈ తాలూకాలో నేనొక్కణ్ణే అయివుంటాను. మూడోసారో నాలుగోసారో అక్కడ కూడా ఒక పాత విద్యార్థి తండ్రి ఎదురుపడ్డాడు. “అదేంటి మాస్టారూ, మీరు లండన్‌లో ఉన్నారన్నారు!” అన్నాడు. చేతిలో ఉన్న వంకాయలు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

స్కూలుకి వెళ్ళి ఉద్యోగం మళ్ళీ అడిగాను. కరస్పాండెంటుగారు మంచివాడే, కానీ ఇరుకున పడ్డాడు. “మీకు శాలువా కూడా కప్పేశాం కదా మాస్టారూ” అన్నాడు. తెచ్చిచ్చేస్తానండీ అన్నాను. నవ్వాడు. పదో తరగతికి అప్పటికే కొత్త ఆయన్ని తీసుకున్నారు. నాకు ఆరో తరగతి ఇచ్చారు. తొలిరోజు లెక్కల మాస్టారు నన్నేమీ ఆటపట్టించలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇంట్లో మాత్రం అసలు మాట తెమలలేదు. ఆమె ఒక్కతే వెళ్ళాలా, మానాలా? ఆమె వీసా వచ్చేసింది. పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద ఉంది. ఇద్దరం ఆ బీరువా రోజూ తెరుస్తాం, మూస్తాం, ఆ సంగతి ఎత్తం. ఒకరోజు ఆమే అంది, “ఇప్పుడు తలుపు సగం మూశారు. రేపు మొత్తం మూస్తారేమో. అప్పుడు ముగ్గురం బయటే ఉంటాం కదండీ. నేను లోపలుంటే, నర్సునైతే, మిమ్మల్ని పిలిపించుకోవచ్చంట.” నర్సులకి మాత్రం కుటుంబాన్ని తెచ్చుకునే వీలు అప్పటికింకా ఉంది. నేను, “నీ ఇష్టం” అన్నాను. ఇంకోరోజు పిల్ల గురించి అడిగింది. “దాని గురించి బెంగ పెట్టుకోకు, నేను చూసుకుంటా” అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెళ్ళొద్దని గొంతుదాకా వచ్చేది. ఎన్నేళ్ళు ఆ బస్సుల్లో నిలబడి వెళ్ళొచ్చిందో చూసినవాణ్ణి, ఆమె కాళ్ళకి అడ్డం పడకూడదనుకున్నాను. మగాడు భార్యని ఆపేశాడన్న మాట రాకూడదని కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ నాకు ఆమె వెళ్ళడం ఇష్టం లేదు. ఉన్న మాట అది. రాత్రి ఆ పక్కన ఆమె ఊపిరి వినబడకపోతే నాకు నిద్రపట్టదు.

పెద్దమ్మకి విషయం చెప్పాను. ఎప్పుడూ బైబిల్లోంచి ఒక మాట తీసి మీద పడేసే మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. “కూటం నేనే తొందరపెట్టి పెట్టించానేరా” అంది చివరికి. “నీ కూటం చూసి మార్చారా ఏంటి పెద్దమ్మా ఆ రూలు” అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం. మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. మధ్యలో స్తంభాలు. నేను కూర్చునే చోటికి ఆడవాళ్ళ వైపు కనబడదు. పాస్టరుగారు సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని అడిగితే, ఒక గొంతు వినబడింది. నా భార్యది.

“మొన్న కూటంలో ముగ్గురం వెళ్తన్నాం అని చెప్పానండి. అది జరగలేదు. రూలు మారింది. అబద్ధం చెప్పానని అనుకోవద్దండి, అప్పటికి నాకు తెలిసింది అదే.” పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. “నేనొక్కదాన్నే వెళ్తన్నా. మా ఆయన్నీ పిల్లనీ మీరు చూసుకోండి. ఇంకా వెళ్ళలేదా అని వాళ్ళని మాత్రం అడగొద్దండి.”

సంఘమంతా విన్నప్పుడే నేనూ విన్నాను. నా పక్కన కూర్చున్నాయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. కోపం వచ్చింది ఆమె మీద, నాకు ముందు చెప్పలేదని. వెంటనే అనిపించింది, నాకు చెప్తే మళ్ళీ “నీ ఇష్టం” అనేవాణ్ణి. ఆ మాట ఇంకోసారి వినడం ఆమెకి ఇష్టం లేకపోయుండొచ్చు. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఇద్దరం మామూలుగానే మాట్లాడుకున్నాం. పప్పులో ఉప్పు తక్కువైందని నేను అనడం, వేసుకోండి అని ఆమె గిన్నె జరపడం గుర్తున్నాయి.

బయల్దేరే ముందురోజు పెద్దమ్మ వచ్చింది. బీరువాలోంచి మూడు స్వెట్టర్లూ తీయించింది. ఒకటి నా భార్య పెట్టెలో పెట్టింది. నాది తిరిగి బీరువాలో పెట్టింది. పిల్లది మాత్రం తన సంచీలో వేసుకుంది. “అదెందుకు పెద్దమ్మా?” అన్నాను. “పిల్ల పెరుగుద్ది కదరా. అది వెళ్ళేనాటికి ఇది చాలదు. ఊడదీసి పెద్దది అల్లుతా” అంది. ఈవిడకి బుద్ధి రాదు అనుకున్నాను. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి, “చేతులు పొడుగ్గా పెట్టు జేజీ” అంది.

మర్నాడు మధ్యాహ్నం బైపాస్ దగ్గర హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డాం. హైదరాబాదులో ఉండే ఆమె తమ్ముడు విమానాశ్రయానికి తీసుకెళ్తానన్నాడు. మమ్మల్ని అక్కడిదాకా రావద్దంది. “మీరు అద్దాల బయట నిలబడి చెయ్యూపుతుంటే చూడటం నావల్ల కాదండి. ఇక్కడైతే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్తన్నట్టే ఉంటది” అంది. నిజంగానే ఎన్నో ఏళ్ళు ఆమె రోజూ బస్సెక్కింది ఆ వైపే. మా అమ్మాయి చెరకురసం కావాలని పక్క బండి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరమే ఉన్నాం. లారీలు పోతున్నాయి.

“ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళొద్దనలేదు మీరు” అంది రోడ్డు వైపు చూస్తూ.

“అంటే ఆగేదానివా?”

“ఆగేదాన్ని కాదు.” చీర కొంగుతో మెడ తుడుచుకుంది. “అయినా అనుంటే బాగుండేది.”

ఏదో చెప్పబోయాను. బస్సు వచ్చేసింది. కండక్టరు పెట్టె కింద డిక్కీలో పడేసి తొందర చేశాడు. పిల్ల చెరకురసం గ్లాసుతో పరిగెత్తుకొచ్చి తల్లికి ఒక గుక్క తాగించింది. బస్సు కదిలాక చూస్తే గ్లాసు మా చేతిలోనే ఉంది. బండి అతనికి ఇచ్చేసి ఇంటికొచ్చాం.

ఆ మరుసటి ఏడే ఇంకో రూలొచ్చింది. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడమే ఆపేశారు. ఆమె అన్నట్టే తలుపు మొత్తం మూసేశారు. మా సంఘంలో ఒకమ్మాయి అదే ఏజెన్సీ చుట్టూ తిరుగుతూ ఆగిపోయింది. “మీ ఆవిడ అదృష్టవంతురాలు మాస్టారూ, ముందే లోపలికెళ్ళింది” అంటారు ఇప్పుడు అందరూ. అవునండీ అంటాను. లోపలికి వెళ్ళినామె బయటికొస్తే ఆ దారిన మళ్ళీ రానివ్వరేమోనన్న భయం ఒకటుంది. ఆ భయంతోనే ఇంతవరకు సెలవు మీద కూడా రాలేదు. ఈలోగా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కింది, రాయడంతో సహా. నర్సు కావడానికి ఇంకొక పరీక్ష మిగిలింది. అది పాసయ్యేనాటికి నర్సుల రూలు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? నేను రోజూ ఫోనులో ఆ వార్తలు చూస్తుంటాను. ఆరో తరగతికి పద్యం చెప్తూ కూడా ఒక్కోసారి మనసు అటే పోతుంది.

పిల్లకి జడ వెయ్యడం వచ్చింది నాకు, రెండు జడలు కూడా. స్వెట్టరు పెద్దమ్మ ఇప్పటికి రెండుసార్లు ఊడదీసి అల్లింది. మొన్న వచ్చి, “పరీక్ష రాస్తోంది కదా, కూటం పెడదామేంట్రా?” అంది. “నీకో దణ్ణం పెద్దమ్మా” అన్నాను. ఊరుకుంది గానీ మనసులో దేవుడికి థాంక్స్ చెప్పేసుకునే ఉంటుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు.

ఆమె పొద్దున డ్యూటీకి బయల్దేరే వేళకి ఇక్కడ మా లంచ్ బెల్లు కొడుతుంది. స్టాఫ్ రూము వరండాలో నిలబడి ఫోన్ చేస్తాను. పిల్ల ఏం తిన్నదీ, ఎండ ఎలా ఉన్నదీ, అక్కడి ముసలామె ఒకావిడ ఈమె చేత్తో తప్ప ఎవరి చేత్తో తినదన్నదీ, అన్నీ అయ్యాక, “టైమయిందండి, వెళ్ళొస్తా” అంటుంది.

“వెళ్ళొద్దు” అంటాను.

రోజూ అంటున్నాను. లెక్కల మాస్టారు విని నవ్వుతాడు, నవ్వనీ. ఆమెకి ఇప్పుడు అలవాటైంది.

“సరేనండి, వెళ్ళను” అంటుంది. ఆ మాట అంటుండగానే ఆమె బయటి తలుపుకి తాళం వేస్తున్న చప్పుడు నాకు వినబడుతుంది.